ఊది చూశాం, పీల్చి చూడలేదు: సంద్రంలో పవర్ పడిపోయిన ఒక బోటు మోటారు

ఈ కేసులో మోటారుకి వచ్చిన జబ్బు చిన్నదే. పెట్రోలు పైపు మారిస్తే పోయింది. అయినా దాన్ని పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ వేట నిషేధం ముగిసిన వెంటనే వచ్చినవి, ఆ కుటుంబానికి ఏడాదిలో ఎంతో ముఖ్యమైనవి. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది వేరొకటి. మెకానిక్‌గా నేను "బాగైంది, వెళ్లండి" అని చెప్పి పంపిన మర్నాడే ముగ్గురు మనుషులు ఒడ్డుకి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఆగిపోయారు. అందుకే ఎక్కడ ఏమనుకున్నానో, ఆ అనుకోవడంలో తప్పెక్కడుందో దాచకుండా రాస్తున్నాను. ఊరు, పేర్లు, మోటారు కంపెనీ మాత్రం తీసేశాను.

నేపథ్యం

ఉత్తరాంధ్ర తీరంలో ఒక మత్స్యకార పల్లె. ఫైబర్ తెప్ప, వెనక 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు. రెండు సిలిండర్లు, పెట్రోలుని గాలితో కలిపే కార్బురేటర్ ఒకటే. వయసు ఆరేళ్లు. యజమాని అరవై దాటిన పెద్దాయన. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. తెప్ప నడిపేది కొడుకు, తోడు ఇంకో ఇద్దరు. పెట్రోలులో టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ మోటారు లోపలి భాగాలకి అందాల్సిన నూనె) లీటరుకి 20 మిల్లీలీటర్లు, అంటే 50కి 1, కొలిచి మరీ కలుపుతారు. ఈ విషయంలో వాళ్ల చెయ్యి నమ్మదగ్గది.

ఇలాంటి మోటారులో పెట్రోలు నడిచే దారి ముందు చెప్పాలి, తర్వాత కథంతా దాని మీదే నడుస్తుంది. తెప్పలో విడిగా ఒక ట్యాంకు ఉంటుంది, దాని మూత మీద గాలి పోవడానికి చిన్న మర. ట్యాంకు నుంచి రబ్బరు పైపు, మధ్యలో చేత్తో నొక్కే బల్బు, మళ్లీ పైపు, చివర మోటారుకి తగిలించే కనెక్టర్. అక్కడి నుంచి మోటారు లోపల ఫిల్టరు, పెట్రోలు పంపు, కార్బురేటర్. పంపుకి కరెంటు లేదు, గొలుసు లేదు. క్రాంక్‌కేసులో, అంటే పిస్టన్ల కింది గదిలో, పిస్టన్ల కదలికకి పుట్టే ఒత్తిడి మార్పులతో ఒక పలుచటి పొర అటూ ఇటూ ఊగి పెట్రోలుని లాగుతుంది. అది లాగే బలం చాలా తక్కువ. దారిలో ఎక్కడ కొంచెం అడ్డుపడినా దానికి కష్టమే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఈ మోటారు ఆ రెండు నెలలూ పాకలో ఉంది. ట్యాంకులో నాలుగైదు లీటర్లు, పైపులో కొంచెం పెట్రోలు అలాగే ఉండిపోయాయి.

వచ్చిన ఫిర్యాదు

నిషేధం ముగిశాక మొదటి వేటలోనే మొదలైంది. ఒడ్డు దగ్గర కెరటాలు దాటేదాకా మోటారు బాగానే ఉంది. ఫుల్ థ్రాటిల్ ఇచ్చి ఆరేడు నిమిషాలు పోయాక బలం తగ్గుతుంది. ఆగిపోదు, సగం స్పీడుకి పడిపోతుంది. కాసేపు నెమ్మదిగా నడిపితే కోలుకుంటుంది. మళ్లీ ఫుల్ ఇస్తే మళ్లీ అదే. "సౌండే పడిపోతాది బాబూ. బల్బు నొక్కితే మళ్లీ లేస్తాది" అన్నాడు పెద్దాయన, మొదటి రోజే.

ఆయన ఆ ఒక్క మాటలో రోగాన్ని సగం చెప్పేశాడు. నేను దాన్ని పూర్తిగా వినలేదు.

నా దగ్గరికి రాకముందు చేసినవి

ముందు కొడుకు ప్లగ్గులు మార్చాడు. తీసిన ప్లగ్గులు నల్లగా, తడిగా ఉన్నాయి కాబట్టి అవే చెడ్డాయనుకున్నాడు. తేడా రాలేదు. తర్వాత దగ్గరి పట్నంలో ఒక మెకానిక్ కార్బురేటర్ విప్పి జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలు, శుభ్రం చేశాడు. మోటారుని చల్లబరిచే నీళ్ల పంపులో తిరిగే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, మార్చాడు. అప్పటికీ తగ్గకపోతే పెట్రోలు పంపు పొర కూడా కొత్తది వేశాడు, ఫిల్టరు మార్చాడు, పైపు విప్పి గట్టిగా ఊది దారి సాఫీగా ఉందని చూశాడు.

ఆ మెకానిక్‌ని నేను తప్పుపట్టను. కొన్ని నిమిషాల తర్వాత పవర్ పడితే వేడెక్కడం ఒక కారణమే, కాబట్టి ఇంపెల్లర్. బల్బు నొక్కితే లేస్తుందంటే పంపు సరిగా లాగడం లేదని అనుకోవడం న్యాయమే, కాబట్టి పొర. ఒక్కో ఆలోచనా సరైనదే. కానీ మార్చిన ప్రతిసారీ ఒడ్డునే నడిపి చూసి ఇచ్చేశాడు. తర్వాత నేనూ అదే చేశాను.

నా మొదటి ప్రయత్నం, అది ఎలా తప్పింది

నేను వెళ్లేసరికి రెండు వారాలు దాటింది. ముందు ట్యాంకు చూశాను. అడుగున ఉన్నది ఒక గాజు సీసాలోకి తీసి కదలకుండా పెడితే రెండు పొరలుగా విడిపోయింది. కింద మబ్బుగా నీళ్లలాంటిది, పైన ఆయిల్ రంగు పెట్రోలు.

ఇది ఇప్పుడు మన తీరంలో తరచూ కనబడుతోంది, కారణముంది. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ 10 శాతానికి చేరింది, 2023 నుంచి 20 శాతం కలిపినది బంకుల్లోకి వచ్చింది, 2025కి అదే మామూలైపోయింది. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది. సముద్రపు తేమగాలిలో, మర తెరిచి ఉన్న ట్యాంకులో రెండు నెలలు ఉంటే అది నీటితో సహా అడుక్కి దిగుతుంది. ట్యాంకు గొట్టం పీల్చేది కూడా అడుగునుంచే. టూ స్ట్రోక్‌కి ఇంకో ప్రమాదం ఉంది. ఆయిల్ పైన పెట్రోలులోనే ఉండిపోతుంది, కింది పొరలో ఉండదు. మోటారు దాన్ని తాగితే పిస్టనుకి నూనె అందదు.

ఆ సీసా చూడగానే కారణం దొరికిందనుకున్నాను. ట్యాంకు కడిగాను, కార్బురేటర్‌లో కొద్దిగా పెట్రోలు నిలవ ఉండే గిన్నె ఖాళీ చేశాను, పైపు ఊదాను, కొత్త పెట్రోలు కలిపించాను. మోటారుని నీళ్ల డ్రమ్ములో దించి ఇరవై నిమిషాలు నడిపాను. ఒక్క మిస్సింగ్ లేదు. తీసుకెళ్లమన్నాను.

మర్నాడు పొద్దున ఆరేడు కిలోమీటర్ల దూరంలో, ఇరవై బారల లోతులో మళ్లీ అదే జరిగింది. ఈసారి బల్బు నొక్కినా సరిగా లేవలేదు. నైరుతి గాలి గట్టిగా ఉంది. తెప్ప గాలికి కొట్టుకుపోకుండా లంగరు వేసి, ఫోన్ సిగ్నల్ దొరికాక ఊరికి చెప్పారు. మధ్యాహ్నానికి ఇంకో తెప్ప వెళ్లి తాడు కట్టి లాక్కొచ్చింది. మనుషులకి ఏమీ కాలేదు. పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. దానికి నాకు ఇంకా ఎక్కువ బాధేసింది.

ఆ సాయంత్రం కూర్చుని నా తప్పు ఏమిటో చూసుకున్నాను. నాకు కనబడిన నీళ్లు నిజమే. కానీ అవి ఈ ఫిర్యాదుకి కారణమా అని నేను అడగలేదు. నీళ్లు వస్తే మోటారు ఎప్పుడైనా దగ్గుతుంది, నెమ్మదిగా నడిచేటప్పుడు కూడా. స్టార్టింగే కష్టమవుతుంది. ఈ మోటారుకి చిన్న థ్రాటిల్‌లో ఏ బాధా లేదు. ఫుల్ ఇచ్చినప్పుడే, అదీ కొన్ని నిమిషాల తర్వాతే పడుతోంది. నీళ్లకి అలా సమయం చూసుకుని రావడం తెలియదు. ట్యాంకులో ఒక నిజమైన లోపం దొరికేసరికి, అసలు లోపం కోసం వెతకడం ఆపేశాను.

డ్రమ్ము పరీక్ష రెండో తప్పు. డ్రమ్ములో ఫుల్ థ్రాటిల్ ఇవ్వలేం, నీళ్లు బయటికి చిమ్మేస్తాయి. లోడు ఉండదు. ఈ సైజు టూ స్ట్రోక్ మోటారు ఫుల్‌లో గంటకి నాలుగైదు లీటర్లు తాగుతుంది, ఐడిల్‌లో, అంటే థ్రాటిల్ ఇవ్వకుండా ఊరికే తిరిగేటప్పుడు, ఒక లీటరు కూడా అక్కర్లేదు. దారిలో సగం అడ్డు ఉన్నా ఐడిల్‌కి సరిపోతుంది. అంటే నేను ఇరవై నిమిషాల పాటు రోగం రాని పరిస్థితిలో పెట్టి, రోగం లేదని రాసిచ్చాను.

మళ్లీ మొదటి నుంచి

రెండోసారి మోటారు ముట్టుకోకముందు కొడుకుని కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడిగాను.

పవర్ పడినప్పుడు మోటారు సౌండ్ తగ్గుతుందా, పెరుగుతుందా? తగ్గుతుందన్నాడు. పెరిగి ఉంటే ప్రొపెల్లర్ (నీళ్లలో తిరిగే ఫ్యాను) లోపలి రబ్బరు బుష్ జారుతోందని, లేదా మోటారు ఎత్తు ఎక్కువై ఫ్యాను గాలి పీలుస్తోందని అనుకునేవాడిని. నమ్మకం కోసం ప్రొపెల్లర్ మీద, బుష్ మీద కలిసేలా పెయింటుతో ఒక గీత గీశాను. తర్వాతి పరీక్షల్లో ఆ గీత కదల్లేదు.

మోటారుని చల్లబరిచి వెనక బయటికి వచ్చే నీళ్ల ధార ఎలా ఉంది? ఎప్పటిలాగే, గోరువెచ్చగా. పైగా వేడెక్కిన మోటారు బల్బు నొక్కితే లేవదు. కాబట్టి ఇంపెల్లర్ కథ అక్కడితో ముగిసింది.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. పవర్ పడిన ఆ క్షణంలో బల్బు ముడుచుకుపోయి ఉందా, గుండ్రంగా ఉందా? అతను కొంచెం ఆలోచించి, "గుండ్రంగానే ఉంటాది, ముడుచుకోదు" అన్నాడు.

ఇక్కడ నేను వెతకాల్సిన దారి సగానికి తగ్గింది. బల్బుకి ముందు, అంటే ట్యాంకు వైపు అడ్డుంటే, మోటారు లాగే కొద్దీ బల్బులో పెట్రోలు పోయి అది చప్పబడాలి. ట్యాంకు మూత మర బిగిసి ఉన్నా, అడుగు గొట్టంలో చెత్త ఉన్నా, ట్యాంకు వైపు పైపు మూసుకున్నా అదే జరుగుతుంది. బల్బు నిండుగా ఉందంటే పెట్రోలు అక్కడిదాకా సుఖంగా వస్తోంది. అడ్డు బల్బు తర్వాత, మోటారు వైపు ఉంది. నొక్కితే లేస్తోందంటే ఆ అడ్డు తోసినప్పుడు తెరుచుకుంటోంది, లాగినప్పుడు మూసుకుంటోంది. ఆ దారిలో ఉన్నవి నాలుగు: మోటారు వైపు పైపు, కనెక్టర్, ఫిల్టరు, పంపు. చివరి రెండూ కొత్తవి.

పైపుని ఊది చూశారు కదా అని నా మనసులో అప్పటికీ ఉంది. అందుకే ఊహ మీద ఆధారపడకుండా పరీక్ష చేయాలనుకున్నాను.

ఉప్పుటేరులో పరీక్ష

ఊరి పక్కన ఉప్పుటేరు ఉంది. తెప్పని అక్కడ బలమైన గుంజకి లావు తాడుతో కట్టి, గేరు వేసి, ఫుల్ థ్రాటిల్ పెట్టాం. తెప్ప కదలదు కానీ మోటారు మీద లోడు ఉంటుంది. చుట్టూ మనుషుల్ని దూరం పంపించాను, తాడు తెగితే ప్రమాదం. కట్టేసిన తెప్పలో మోటారు పూర్తి స్పీడు అందుకోదు కాబట్టి పెట్రోలు కొంచెం తక్కువ తాగుతుంది. ఆరేడు నిమిషాలకి కాకపోయినా ఇంకొంచెం ఆగితే రోగం రావాలని లెక్కేశాను. పన్నెండో నిమిషంలో సౌండ్ పడిపోయింది. మూడు వారాల్లో మొదటిసారి ఒక మెకానిక్ కళ్లముందు ఆ లోపం జరిగింది. నిజం చెప్పాలంటే అప్పుడే నా టెన్షన్ సగం తగ్గింది. రప్పించగలిగిన లోపాన్ని వెతకొచ్చు.

ఆ క్షణంలోనే మోటారుని ఆపే స్విచ్ తాడు లాగి ఆపి ప్లగ్గులు తీశాను. రెండూ తెల్లగా ఉన్నాయి. ముందు కొడుకు చూసిన ప్లగ్గులు నల్లగా ఉన్నాయి కదా? అతను చూసింది సంద్రం నుంచి గంటసేపు నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాక. నెమ్మదిగా నడిస్తే ప్లగ్గు నల్లబడుతుంది, అంతకుముందు జరిగినదాన్ని ఆ మసి కప్పేస్తుంది. ప్లగ్గు చెప్పేది చివరి కొన్ని నిమిషాల సంగతే. ఫుల్‌లో ఉండగా ఆపి తీస్తేనే ఫుల్‌లో ఏం జరుగుతోందో తెలుస్తుంది. తెల్లటి ప్లగ్గు అంటే పెట్రోలు చాలడం లేదు, వేడి ఎక్కువవుతోంది. టూ స్ట్రోక్‌కి పెట్రోలుతోనే ఆయిల్ వస్తుంది కాబట్టి పెట్రోలు చాలకపోతే నూనె కూడా చాలడం లేదు. ఇంకొన్ని వేటలు ఇలాగే సాగితే పిస్టన్ పట్టేసేది.

తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చాను. ఈసారి నా ట్యాంకు, నా పైపు తీసుకెళ్లాను. రెండూ మంచివని నాకు తెలుసు. వాటితో ఇరవై అయిదు నిమిషాలు ఫుల్‌లో నడిపితే మోటారు ఒక్కసారి కూడా తగ్గలేదు. దాంతో పంపు, ఫిల్టరు, కార్బురేటర్, ఇగ్నిషన్, అన్నీ ఒక్క దెబ్బకి నిర్దోషులయ్యాయి. వాళ్ల ట్యాంకుకి నా పైపు పెట్టాను, బాగుంది. నా ట్యాంకుకి వాళ్ల పైపు పెట్టాను. పది నిమిషాలు దాటాక సౌండ్ పడిపోయింది.

ఈ మార్పిడికి రెండు గంటలు కూడా పట్టలేదు. మొదటి రోజే నా ట్యాంకు, పైపు వెంట తీసుకెళ్లి ఉంటే ఆ ముగ్గురూ సంద్రంలో లంగరు వేసుకుని కూర్చునేవాళ్లు కాదు.

పైపు లోపల

పైపు బయటికి చాలా బాగుంది. పగుళ్లు లేవు, మెత్తబడలేదు. పెట్రోలు తీసేసి ఆరబెట్టి, బల్బు నుంచి విడదీసి, మోటారు వైపు ముక్కకి ఒక పెద్ద సిరంజి బిగించాను. పెట్రోలు పైపుని నోటితో పీల్చకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. సిరంజితో తోస్తే గాలి హాయిగా పోయింది. లాగితే మొదట్లో కొంచెం వచ్చి, ఆ తర్వాత పిస్టన్ రాయిలా నిలబడిపోయింది. మళ్లీ తోశాను, పోయింది. మళ్లీ లాగాను, ఆగింది.

కత్తితో నిలువునా చీరి చూపించాను. ఆ పైపుకి రెండు పొరలు. బయట నల్ల రబ్బరు, లోపల పలుచటి ఇంకో పొర. కనెక్టర్ దగ్గర మూడంగుళాల మేర లోపలి పొర రబ్బరు నుంచి ఊడి వేలాడుతోంది. ఊదితే అది గోడకి అంటుకుని దారి ఇస్తుంది. లాగితే గోడని వదిలి మధ్యలోకి వచ్చి దారి మూస్తుంది. చిన్నగా లాగితే కొంచెమే వస్తుంది, గట్టిగా లాగితే పూర్తిగా వస్తుంది. కార్బురేటర్ గిన్నెలో ఉన్న కొద్ది పెట్రోలు ఆ లోటుని కొన్ని నిమిషాలు భరిస్తుంది, అది అయిపోగానే పవర్ పడుతుంది. బల్బు నొక్కితే మనమే అటునుంచి తోస్తున్నాం కాబట్టి పొర తెరుచుకుంటుంది. పెద్దాయన మొదటి రోజు చెప్పిన ప్రతి ముక్కా దీంతో సరిపోయింది. చివరిసారి నొక్కినా లేవలేదంటే ఊడిన ముక్క అప్పటికి పెరిగి ఉండాలి.

మోటారు వేసేది లాగే పరీక్ష. మేం, ముందు ఆ మెకానిక్, తర్వాత నేను, చేసింది తోసే పరీక్ష.

పైపు అంతకు ముందు సంవత్సరం మార్చారు. పాత కంపెనీ పైపు ఎండకి పగిలితే బజార్లో దొరికినది కొన్నారు. దాని మీద ఏ అచ్చూ లేదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఎండ, మోటారు తిప్పినప్పుడల్లా కనెక్టర్ దగ్గర పడే మడత, ఆ పైన రెండు నెలలు లోపల నిలవ ఉన్న పెట్రోలు. ఇవన్నీ కలిసి లోపలి జిగురుని వదిలించాయని నా అంచనా.

చేసిన మరమ్మతు

బోట్లకి వాడే, ఇథనాల్‌కి తట్టుకునే పైపు, కొత్త బల్బు, కొత్త క్లిప్పులు వేశాను. బల్బు మీద బాణం గుర్తు మోటారు వైపు ఉండేలా చూశాను. మంచి బోటు పైపుల మీద ఎస్ఏఈ జె1527 అని, బోటు పెట్రోలు పైపుల ప్రమాణం గుర్తు, అచ్చు ఉంటుంది, అది చూసి కొనమని కొడుకుకి రాసిచ్చాను. లోపలి రంధ్రం పాత కంపెనీ పైపుకంటే సన్నగా ఉండకూడదు. కనెక్టర్‌లో రబ్బరు రింగు కూడా మార్చాను, చెడిపోలేదు కానీ గట్టిపడింది.

కొన్నాళ్లు పెట్రోలు చాలక నడిచింది కాబట్టి కంప్రెషన్, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి, చూశాను. ఒక సిలిండర్ 105, రెండోది 100 పీఎస్ఐ. తేడా పది శాతంలోపే ఉంది, పిస్టన్లు బతికాయి. ఇది చూసేదాకా నాకు భయంగానే ఉంది.

ఉప్పుటేరులో అరగంట ఫుల్‌లో నడిపాం. ఆపి ప్లగ్గులు తీస్తే లేత గోధుమ రంగు. అయినా ఈసారి అక్కడితో ఆగలేదు. మర్నాడు ఇంకో తెప్ప వెంట ఉండగా నేను కూడా వాళ్లతో ఎక్కి లోపలికి వెళ్లాను. పోను నలభై నిమిషాలు, రాను నలభై నిమిషాలు, ఫుల్‌లోనే. సౌండ్ ఎక్కడా తగ్గలేదు. ఆ తర్వాత సీజన్ అంతా ఆ మోటారుకి ఈ బాధ రాలేదు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

పవర్ పడుతోందని ఎవరొచ్చినా ఆ మూడు ప్రశ్నలు అడక్కుండా స్పానర్ తియ్యను. సౌండ్ తగ్గిందా పెరిగిందా, నీళ్ల ధార ఎలా ఉంది, ఆ సమయంలో బల్బు ముడుచుకుందా నిండుగా ఉందా. మూడోది చాలామంది గమనించరు. అందుకే తెలియదంటే, ఈసారి పవర్ పడగానే నొక్కేముందు ఒకసారి తడిమి చూడమని చెబుతాను.

డ్రమ్ము పరీక్ష స్టార్టింగ్‌కి, ఐడిల్‌కి, నీళ్ల ధారకి మాత్రమే. లోడు మీద వచ్చే జబ్బుకి డ్రమ్ము సర్టిఫికెట్ ఇవ్వను. నా బండిలో ఎప్పుడూ ఒక ట్యాంకు, ఒక మంచి పైపు, ఒక పెద్ద సిరంజి ఉంటాయి.

నిషేధానికి ముందు వచ్చేవాళ్లకి చెప్పేది ఇంకోటుంది. ఏప్రిల్ 14న మోటారు ఆపేటప్పుడు కనెక్టర్ పీకేసి, గిన్నెలో పెట్రోలు అయిపోయేదాకా ఐడిల్‌లో నడవనివ్వండి. పైపుని, ట్యాంకుని ఖాళీ చేసి నీడలో పెట్టండి. మిగిలిన పెట్రోలు ఆయిల్ కలిపినదే కాబట్టి పారబోయక్కర్లేదు, అప్పుడే ఇంకో టూ స్ట్రోక్‌కి వాడేయొచ్చు. జూన్‌లో కొత్త పెట్రోలుతో మొదలుపెట్టండి. మొదటి వేటకి ముందు ఉప్పుటేరులోనో ఒడ్డుకి దగ్గరలోనో ఇరవై నిమిషాలు ఫుల్‌లో నడపండి.

చీరిన ఆ పైపు ముక్కని పెద్దాయన అడిగి తీసుకుని, వలలు బాగుచేసుకునే పాకలో మేకుకి వేలాడదీశాడు. అదే దుకాణంలో, అదే సంవత్సరం పైపులు కొన్న తెప్పలు ఆ ఊళ్లో ఇంకో నాలుగున్నాయని ఆయనే చెప్పాడు. సిరంజి పెట్టి నాలుగూ చూశాను. రెండు పైపుల్లో లోపలి పొర అప్పటికే కదిలి ఉంది. ఆ రెండు మోటార్లకీ ఇంకా ఏ ఫిర్యాదూ రాలేదు. ఆ సాయంత్రమే రెండూ మార్చేశాం.